మీటలు నొక్కినవాళ్ళ పేర్లు

క్రాఫ్ట్‌వెర్క్ అనే జర్మన్ బ్యాండు గురించి మాట్లాడుకునే చోట ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: "అందులో ఎవరున్నారు, ఎవరు పోయారు అన్నది ముఖ్యం కాదండీ, అక్కడ ఐడియానే ముఖ్యం." వినడానికి లోతైన మాటలాగే ఉంటుంది. మనుషుల్ని పక్కకి నెట్టి భావనని పైకెత్తితే ఎవరికైనా కాస్త పెద్దరికం వచ్చినట్టుంటుంది కదా. కానీ ఈ మాట వల్ల ఎవరికి లాభం, ఎవరికి నష్టం అని అడిగి చూడండి. లాభం వైపు చివరికి ఒకే ఒక్క పేరు మిగుల్తుంది, రాల్ఫ్ హ్యూటర్. నష్టపోయినవాళ్ళ పేర్లు చెప్పమంటే ఈ ఐడియావాదుల్లో సగంమంది తడుముకుంటారు. నా గొడవంతా ఆ తడుములాట గురించే.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 1970లో డ్యుసెల్‌డోర్ఫ్‌లో హ్యూటర్, ఫ్లోరియాన్ ష్నైడర్ అనే ఇద్దరు కుర్రాళ్ళు మొదలుపెట్టిన బ్యాండు ఇది. ఆ జర్మన్ పేరుకి విద్యుత్ కేంద్రం అని అర్థం. మొదట్లో వేణువు, వయొలిన్, మామూలు డ్రమ్స్ అన్నీ ఉండేవి. క్రమంగా అవన్నీ పోయి సింథసైజర్లూ, ఎలక్ట్రానిక్ తాళాలూ, మరమనిషిలా మాట్లాడే వోకోడర్ గొంతూ మిగిలాయి. 1982లో న్యూయార్క్‌లో ఆఫ్రికా బంబాటా బృందం 'ప్లానెట్ రాక్' చేసినప్పుడు అందులో బాణీ వీళ్ళ 'ట్రాన్స్-యూరప్ ఎక్స్‌ప్రెస్'ది, దరువు వీళ్ళ 'నంబర్స్'ది. డెట్రాయిట్‌లో టెక్నో పుట్టించిన నల్లజాతి యువకులు వీళ్ళ రికార్డులు అరిగేదాకా విన్నవాళ్ళే. 1981లో ఈ బ్యాండు బొంబాయి వచ్చి కూడా వాయించి వెళ్ళింది. ఇవాళ మన పెళ్ళి బరాత్‌లో డీజే వేసే బీటుకి ముత్తాతలెవరని వెతుక్కుంటూ పోతే, తోవలో ఎక్కడో ఓచోట ఈ నలుగురూ ఎర్ర చొక్కాలేసుకుని వరసగా నిలబడి కనిపిస్తారు.

ఆ ఎర్ర చొక్కాల బొమ్మ 1978 నాటి 'ది మ్యాన్-మెషీన్' అట్టది. నలుగురికీ ఒకే చొక్కా, ఒకే నల్ల టై, ఒకే రకం తల దువ్వుడు, పెదవులకి ఎర్రరంగు. రష్యన్ చిత్రకారుడు ఎల్ లిసిట్స్కీ పద్ధతిలో అక్షరాలు. అందరూ ఒకేవైపు చూస్తుంటారు. ఎవరు ఎవరో గుర్తుపట్టడం కష్టం. గుర్తుపట్టకూడదన్నదే అక్కడి ఉద్దేశం. ఆ ఆల్బమ్ నుంచి తమ పోలికలతో బొమ్మలు చేయించి ప్రచారానికి వాడుకోవడం మొదలెట్టారు. తర్వాత్తర్వాత అవి కదిలే రోబోలై స్టేజీ మీదికే వచ్చాయి. 'రోబోలు' పాట వచ్చేసరికి మనుషులు లోపలికి వెళ్ళిపోతారు, రోబోలు చేతులూపుతాయి, జనం చప్పట్లు కొడతారు. సరదాగానే ఉంటుంది, నాకూ నచ్చుతుంది. కాకపోతే రోబో అన్న మాట ఎక్కడిదో ఒకసారి గుర్తు చేసుకుందాం. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో రాసిన నాటకంలోంచి లోకానికి వచ్చిన మాట అది. దాని మూలం 'రొబోత'. అంటే దొరకి ఊరికే చేసిపెట్టే పని. మన భాషలో దానికి ఇంతకంటే సూటైన మాట ఉంది: వెట్టి. తెలంగాణ పల్లెల్లో ఆ మాటకి వివరణ అక్కర్లేదు. తమని తాము సంగీతకారులమని కాకుండా 'సంగీత కార్మికులం' అని చెప్పుకోవడం క్రాఫ్ట్‌వెర్క్‌కి ఇష్టం. బావుంది. అయితే కార్మికులున్నచోట యజమాని కూడా ఉంటాడు గదా. అతనెవరు?

సంస్థ ఇద్దరిది, హ్యూటర్‌దీ ష్నైడర్‌దీ. క్లింగ్ క్లాంగ్ స్టూడియో వాళ్ళది, పేరు వాళ్ళది, ఒప్పందాలు వాళ్ళవి. 1973లో చేరిన వోల్ఫ్‌గాంగ్ ఫ్లూర్, 1975లో అమెరికా పర్యటన ముందు సంగీత కళాశాల నుంచి వచ్చిన కార్ల్ బార్టోస్, ఇద్దరూ డబ్బు తీసుకుని పనిచేసినవాళ్ళు. ఇందులో నేరమేమీ లేదు. పెట్టుబడి పెట్టినవాడికి వాటా ఎక్కువ, లోకరీతి. నా పేచీ ఎక్కడంటే, ఈ లెక్కల సంబంధాన్ని ఒక తాత్త్విక సత్యంలా మార్చి చెప్పడం దగ్గర. "వాళ్ళు మీటలు నొక్కే ఆపరేటర్లు, భావన వీళ్ళది" అని.

అలాగా? 'ది మ్యాన్-మెషీన్' రికార్డు మీద పాటల కర్తల పేర్లు చూడండి. ఉన్నవి ఆరు పాటలు. ఆరింటి మీదా బార్టోస్ పేరుంది. ష్నైడర్ పేరు మూడింటి మీదే ఉంది. 'స్పేస్‌ల్యాబ్'లో లేదు, టైటిల్ పాటలో లేదు, 1982లో బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్ళిన 'ది మోడల్'లో లేదు. ఆ చివరిదాంట్లో ఉన్న మూడో పేరు ఎమిల్ షుల్ట్‌ది. ఈయన బ్యాండుకి బొమ్మలు వేసేవాడు, పాటల మాటల్లో చెయ్యి వేసేవాడు. స్టేజీ మీద నలుగురిలో ఉండడు కాబట్టి ఏ లెక్కలోకీ రాడు. ఆ తర్వాత 1981లో వచ్చిన 'కంప్యూటర్ వరల్డ్' చూడండి. దాంట్లోనూ బార్టోస్ పేరు లేని పాట లేదు. ఇందాక చెప్పిన 'నంబర్స్' అందులోదే. దాంట్లో బాణీ అంటూ చెప్పుకోదగ్గది ఏమీ ఉండదు. అంకెలు చదువుతుంటారు, కింద తాళం నడుస్తుంటుంది. న్యూయార్క్ ఎత్తుకెళ్ళింది ఆ తాళాన్నే. తాళవాద్యం చదువుకుని వచ్చిన మనిషిని ఆ పాటలో ఆపరేటర్ అనడానికి కాస్త ధైర్యం కావాలి. 1986 నాటి 'ఎలక్ట్రిక్ కెఫే'లో 'ది టెలిఫోన్ కాల్' పాడిన గొంతు కూడా ఆయనదే.

ఫ్లూర్ సంగతి వేరు. పాటల కర్తల్లో ఆయన పేరు కనిపించదు. ఆయన చెక్కపని తెలిసిన మనిషి. లోహపు పలకల మీద లోహపు పుల్లతో తాకగానే విద్యుత్ వలయం పూర్తయి డ్రమ్ము శబ్దం వచ్చే పరికరం ఒకటుండేది. చర్మం లేని డ్రమ్ము అనుకోండి. డెబ్భైల్లో ఆ నలుగురి స్టేజీ రూపానికి అది సగం ప్రాణం. దాన్ని రూపొందించడంలో తన పాత్ర పెద్దదని ఫ్లూర్ అంటాడు. కాదని ఎదటి పక్షం అంటుంది. అమెరికా పేటెంటు కాగితం మీద ఉన్నవి మాత్రం ష్నైడర్, హ్యూటర్ పేర్లే. 1999లో ఫ్లూర్ తన జ్ఞాపకాల పుస్తకం వేసుకుంటే పాత యజమానులు కోర్టుకెక్కారు. పుస్తకం పేరు 'నేనొకప్పుడు రోబోని' అని అర్థమొచ్చేది. ఆయనకి హాస్యం లేదని ఎవరనగలరు!

కోర్టు మాట వచ్చింది కాబట్టి ఇంకో కేసు చెప్పాలి. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారానికి అదే గుండెకాయ. 1977 నాటి 'ట్రాన్స్-యూరప్ ఎక్స్‌ప్రెస్'లో 'మెటాల్ ఔఫ్ మెటాల్' అని ఒక ముక్క ఉంది. లోహం మీద లోహం అని అర్థం. 1997లో మోజెస్ పెల్హామ్ అనే జర్మన్ నిర్మాత ఒక ర్యాప్ పాట కోసం అందులోంచి రెండు సెకన్ల దరువు తీసుకుని తిప్పి తిప్పి వాడుకున్నాడు. హ్యూటర్, ష్నైడర్ కేసు వేశారు. హాంబుర్గ్‌లో మొదలై, జర్మన్ రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్ళి, 2016లో అక్కడ పెల్హామ్ వైపు మొగ్గి, 2019లో లక్సెంబుర్గ్‌లోని యూరోపియన్ న్యాయస్థానానికి చేరి, అక్కడా తెగక ఇంకా సాగింది. రెండు సెకన్ల కోసం ఇరవై ఏళ్ళు పైబడిన వ్యాజ్యం! శాంప్లింగ్ స్వేచ్ఛ గురించీ, కళాహక్కుల గురించీ పత్రికలు పేజీలకి పేజీలు రాశాయి. నేను వెతికినంతలో ఎవరూ గట్టిగా అడగని ప్రశ్న ఒకటి ఉంది. ఆ రెండు సెకన్లు దరువు. ఆ రికార్డు అట్ట మీద ఎలక్ట్రానిక్ తాళవాద్యం అన్నచోట ఉన్న పేర్లు బార్టోస్, ఫ్లూర్. కేసులో వాళ్ళెక్కడ? ఎక్కడా లేరు. లేకపోవడం చట్టం తప్పు కూడా కాదు. ఎందుకంటే యూరోపియన్ న్యాయస్థానం తూకం వేసిన హక్కు, ఆ రికార్డుని తయారుచేయించిన నిర్మాతకి ఉండే హక్కు. పొలం ఎవరిదో అడిగారు, దున్నినవాళ్ళెవరని అడగలేదు. యంత్రమే ముఖ్యం, మనిషి కాదు అని ఇన్నేళ్ళూ చెప్పినవాళ్ళు రెండు సెకన్ల శబ్దం కోసం ఎంత మానవ సహజంగా, ఎంత పట్టుదలగా పోట్లాడారో చూడండి. యంత్రానికి ఇంత మమకారం ఉండదు.

సరే, ఆపరేటర్ల వాదాన్ని దాని సొంత కొలతతోనే కొలుద్దాం. మీట నొక్కేవాడు ఎవరైనా ఒకటే అయితే, మనిషి మారినా ఫ్యాక్టరీ నడవాలి. 1974 నుంచి 1981 దాకా, 'ఆటోబాన్' నుంచి 'కంప్యూటర్ వరల్డ్' దాకా అయిదు ఆల్బములు. ఆ తర్వాత అయిదేళ్ళకి ఒకటి. ఫ్లూర్ ఎనభైల చివర్లో తప్పుకున్నాడు. బార్టోస్ 1990లో వెళ్ళిపోయాడు. 1991లో వచ్చిన 'ది మిక్స్' పాత పాటలకి కొత్త కోటింగ్, బార్టోస్ ఉండగానే ఆ పని చాలావరకు నడిచింది. 2003లో 'టూర్ డి ఫ్రాన్స్ సౌండ్‌ట్రాక్స్' వచ్చింది, దానికి మూలకందమైన పాట 1983 నాటిది, దాని మీదా బార్టోస్ పేరుంది. అంతే. బార్టోస్ పోయాక ఇన్ని దశాబ్దాల్లో కొత్త పాటల ఆల్బమ్ అది ఒక్కటే. 2018లో డాన్స్, ఎలక్ట్రానిక్ విభాగంలో వాళ్ళకి గ్రామీ వచ్చింది. దేనికనుకున్నారు? పాత ఆల్బములనే కచేరీల్లో మళ్ళీ వాయించి త్రీడీ బొమ్మలతో వేసిన కట్టకి.

ఇక్కడ ఎవరైనా నన్ను ఆపొచ్చు. "వాళ్ళు పోవడం వల్ల పని ఆగిందా, పని ఆగిపోవడం వల్ల వాళ్ళు పోయారా?" అని. న్యాయమైన ప్రశ్న. రెండోదే నిజానికి దగ్గర. ఎనభైల మొదట్లో హ్యూటర్‌కి సైకిల్ పిచ్చి పట్టింది, పడి తలకి దెబ్బ తగిలించుకున్నాడు. 'టెక్నో పాప్' పేరుతో తయారవుతున్న ఆల్బమ్ 1983లో అటకెక్కింది. న్యూయార్క్, డెట్రాయిట్, షికాగోల్లో వీళ్ళ పిల్లలు పరిగెడుతుంటే వీళ్ళు స్టూడియోలో డిజిటల్ పరికరాలు మార్చుకుంటూ కూర్చున్నారు. పనిలేని స్టూడియోలో, కచేరీలు లేని బ్యాండులో, వాటా లేని మనిషి ఎన్నాళ్ళుంటాడు? యజమానికి తీరిక దొరికేదాకా ఆగగలిగే స్తోమత యజమానికే ఉంటుంది. కాబట్టి కారణం అటు తిప్పినా ఇటు తిప్పినా వచ్చి ఆగేది ఒకచోటే. పాడైన భాగాలు మార్చినట్టు మనుషుల్ని మార్చొచ్చన్న నమ్మకమే ఆ బ్యాండుని మ్యూజియంలో పెట్టింది. మ్యూజియం అన్నది నా ఎత్తిపొడుపేమీ కాదు. 2012లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో ఎనిమిది రాత్రులు ఎనిమిది ఆల్బములు వాయించారు. జనం టిక్కెట్ల కోసం ఎగబడ్డారు.

ఆ ఎనిమిది ఆల్బముల లెక్కలోనూ ఒక మతలబు ఉంది. బ్యాండు చేసినవి ఎనిమిది కావు. 'ఆటోబాన్'కి ముందు మూడున్నాయి. వాటిని ఇప్పటిదాకా అధికారికంగా సీడీలుగా కూడా వేయలేదు. 2009లో వేసిన 'కేటలాగ్' పెట్టె నాలుగో ఆల్బమ్‌తో మొదలవుతుంది, దానికి ఒకటో నంబరు. ఆ తొలి రికార్డుల మీద నిర్మాతల్లో ఒకడిగా ఉన్న కోనీ ప్లాంక్ 'ఆటోబాన్'కి వచ్చేసరికి ఉత్త సౌండ్ ఇంజినీరయ్యాడు. జర్మన్ ప్రయోగ సంగీతంలో ఆ తరం శబ్దాన్ని చెక్కినవాళ్ళలో ఆయన పేరు ముందు చెప్పాలి. చేతికి మట్టి అంటిన కాలాన్ని చరిత్రలోంచి చెరిపేస్తే, మహాభావన పుట్టుకతోనే పూర్తిగా తయారై వచ్చినట్టు కనిపిస్తుంది. అందులో ఇంకో ఇబ్బందికరమైన నిజం కూడా పోతుంది. 1971లో కొన్ని నెలలు క్రాఫ్ట్‌వెర్క్‌లో హ్యూటరే లేడు! ష్నైడర్, క్లాస్ డింగర్, మిషాయెల్ రోటర్ ముగ్గురూ ఆ పేరుతోనే వాయించారు, టీవీలో కూడా కనిపించారు. డింగర్, రోటర్ బయటికొచ్చి ప్లాంక్ సాయంతో 'నోయ్' అనే బ్యాండు పెట్టుకున్నారు, అది వేరే పెద్ద కథ. క్రాఫ్ట్‌వెర్క్ అంటే హ్యూటర్ అనేవాళ్ళు ఆ కొన్ని నెలల్ని ఏ గంగలో కలుపుతారో నాకు తెలీదు.

మనుషులు మారినా పేరు నిలబడటం తప్పని నేననడం లేదు. సురభి నాటకాల్లో తరాలు మారినా 'మాయాబజార్' ఆడుతూనే ఉంటారు, చూసేవాళ్ళెవరూ మోసపోయామనుకోరు. కానీ సురభివాళ్ళు తమ తాతముత్తాతల పేర్లు మరుగుపరచరు, ఎవరి మనవరాలు ఏ వేషం కట్టిందో పొంగిపోతూ చెప్తారు. పరంపరకీ విడిభాగాల మార్పిడికీ తేడా అక్కడుంది.

ఇక పాత లైనప్ భక్తులకీ ఒక మాట చెప్పాలి. బార్టోస్, ఫ్లూర్ తర్వాత వచ్చినవాళ్ళని 'ఉత్త ఉద్యోగులు' అని తీసిపారేసేది వీళ్ళే. ఫ్రిట్స్ హిల్పర్ట్ ఎనభైల చివర నుంచీ, హెన్నింగ్ ష్మిట్స్ 1991 నుంచీ అక్కడ పనిచేశారు. అంటే బార్టోస్ ఉన్న పదిహేనేళ్ళకి దాదాపు రెట్టింపు. 2003 ఆల్బమ్ పాటల మీద హిల్పర్ట్ పేరు కర్తల్లో ఉంది. ఎంతమంది గమనించారు? యజమాని నేర్పిన పాఠాన్ని ఈ భక్తులు యజమాని కంటే బాగా వల్లించారు. 'అసలు నలుగురు' అని ఒక పటం కట్టి, ఆ పటంలో లేనివాళ్ళని మీట నొక్కేవాళ్ళ కింద జమకట్టారు. నిన్న బార్టోస్‌కి జరిగిన అన్యాయం మీద కన్నీళ్ళు పెట్టుకుంటూ, ఇవాళ అదే పని హిల్పర్ట్‌కి చేస్తున్నారు.

ఈ మార్పిడి ఎంతదాకా పోయిందంటే, 2008లో ష్నైడరే తప్పుకున్నాడు. సగం యజమాని, వ్యవస్థాపకుడు, వోకోడర్ గొంతులకి మూలపురుషుడు. ఎందుకు వెళ్ళాడో జనానికి సరైన వివరణ ఇవ్వలేదు. ఆయన నిలబడే చోటికి వీడియో చూసుకునే ష్టెఫాన్ ప్ఫాఫె వచ్చి నిలబడ్డాడు. కచేరీలు ఆగలేదు. కొన్నాళ్ళకి ఆయన స్థానంలో ఫాల్క్ గ్రీఫెన్‌హాగెన్ వచ్చాడు. 2020 ఏప్రిల్‌లో ష్నైడర్ క్యాన్సర్‌తో పోయాడు. మరుసటి ఏడాది రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్ళు క్రాఫ్ట్‌వెర్క్‌ని చేర్చుకున్నప్పుడు నాలుగు పేర్లు రాశారు: హ్యూటర్, ష్నైడర్, బార్టోస్, ఫ్లూర్. కనీసం ఒక చోట చిట్టా రాసినవాళ్ళకి ఆపరేటర్లు కూడా గుర్తొచ్చారన్నమాట. షుల్ట్, ప్లాంక్, హిల్పర్ట్, ష్మిట్స్ మాత్రం ఆ చిట్టాలోనూ లేరు.

1946లో పుట్టిన హ్యూటర్ ఇంకా స్టేజీ మీద ఉన్నాడు. నాలుగు బల్లల్లో ఒక చివరి బల్ల ఆయనది. ఐడియానే ముఖ్యం అనేవాళ్ళని ఒకటి అడగాలని ఉంది. రేపు ఆ బల్ల దగ్గర కూడా ఇంకొకర్ని నిలబెట్టి, పేరు అదే ఉంచి, వెనక త్రీడీ బొమ్మలు అవే వేస్తే మీరు టిక్కెట్టు కొంటారా? చాలామంది కొనరు. "అబ్బే, ఆ గొంతు హ్యూటర్‌ది కదా, ఆయన లేకుండా ఎలా?" అంటారు. మరి 'నంబర్స్' దరువు ఎవరిది? 'ది టెలిఫోన్ కాల్' గొంతు ఎవరిది?